నరసమ్మ చెట్టు మీద నారాయణపక్షులు

ఆ ఊరి పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారానికే బెంగళూరు నుంచి కార్లు దిగుతాయి. లేపాక్షి దాటి, కర్ణాటక వైపు కొంత దూరం పోతే వస్తుందని మాత్రం చెప్తాను. అంతవరకు చాలు.

నేను పోయింది నారాయణపక్షుల కోసం. బూడిదరంగు ఒళ్లు, పొడుగాటి మెడ, కంటి మీదుగా వెనక్కి దిగే నల్లటి పింఛం. నీళ్లలో పొద్దస్తమానం కదలకుండా నిలబడే పక్షి. చాలామంది కొంగ అనేసి ఊరుకుంటారు. ఏటా చలికాలంలో ఆ ఊరి చింతచెట్ల మీద పుల్లలతో గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తాయి. మా జిల్లాలో పక్షులంటే ఇష్టమున్న కొందరం ఒక చిన్న సంఘంగా చేరాం. గూళ్లు ఉన్నన్నాళ్లూ వంతులవారీగా ఆ ఊరికి పోయి, పిల్లలు ఎట్లా ఉన్నాయో చూసి, చెట్ల కింద వలలు కట్టి వస్తుంటాం. గాలికి జారిన పిల్ల నేల మీద కాకుండా వలలో పడాలని.

వెళ్లొచ్చాక సంఘం వాళ్లు ఈ ప్రయాణం గురించి ఒక కాగితం వేశారు. అందులో నా పేరు లేదు. పోయినేడాదీ లేదు. అప్పుడు వేరే ఊళ్లో నిచ్చెన పట్టుకుని నిలబడింది నేను, ఫొటోలో పడింది నిచ్చెన. అందుకే ఈసారి నేనే రాస్తున్నాను. ఆ ఊరికి పోని వాళ్లు అక్కడ జరిగింది జరిగినట్టు తెలుసుకోవాలని.

ధర్మవరం స్టేషన్

మా సంఘానికి పెద్ద రాజశేఖర్. అనంతపురంలో కాలేజీ లెక్చరర్, నాకంటే పదిహేనేళ్లు చిన్న. మార్చి మొదట్లో ఒక గురువారం అతని దగ్గర్నుంచి అందరికీ కబురు వచ్చింది. ఆ ఊళ్లో ఎక్కువ గూళ్లున్న పెద్ద చింతచెట్టు నరసమ్మ అనే ఆమెది. ఆమె ఈసారి కాయను హిందూపురం వ్యాపారికి గుత్తకు ఇచ్చేసింది. ఆదివారం కోతకు వస్తారు. పిల్లలకు ఇంకా ఎగరడం రాలేదు. మనుషులు కొమ్మలెక్కి దోటికర్రలతో కొడితే ఒక్క గూడూ మిగలదు. ఎవరు రాగలరు?

అందరూ దండం పెట్టే బొమ్మలు పంపారు. నేనొక్కడినే వస్తానని రాశాను. "ఇంకెవరూ లేరా?" అని రాజశేఖర్ జవాబు. ఆ జవాబు నా ఫోన్లో ఇప్పటికీ ఉంది.

శుక్రవారం పొద్దున ప్యాసింజర్ ఎక్కాం. వల మూట నేను మోశాను, దుర్భిణి అతను మోశాడు. కిటికీ పక్క సీటు కూడా అతనే తీసుకున్నాడు. మాది మగ్గాల ఇల్లు. పుట్టిన దగ్గర్నుంచి పట్టుదారాల మధ్య పెరిగినవాణ్ని. తెగిన పోగు అతికేవాడి చేతిముడి జారదు. సంఘంలో వల ముడులు వేయడానికి నన్ను పిలుస్తారు, మాట్లాడటానికి రాజశేఖర్‌ని పిలుస్తారు.

దారి పొడుగునా వేరుశనగ పీకేసిన చేలు, ఎర్రమట్టి, మట్టిలోంచి పైకి లేచిన బండలు. పెనుకొండ దాటాక ఒక చెరువు చూశాను. నీళ్లుండాల్సిన చోట సర్కారు తుమ్మ మొలిచి, అందులో మేకలు మేస్తున్నాయి. ఎదురు సీట్లో ఒక ముసలాయన చింతపండు మూటతో హిందూపురం పోతున్నాడు. మూట ఎందుకు సీటు మీద పెట్టావని నేను అడిగితే, "నువ్వు వల పెట్టుకోలేదా, నేను అడిగినానా?" అన్నాడు. మాట నిజమే. అయినా ఆ గొంతు బాగాలేదు.

హిందూపురం

చింతపండు మార్కెట్ పక్క సందులో తిన్నాం. గాలి పీలిస్తేనే నోట్లో నీళ్లు ఊరతాయి. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ప్లేటు నలభై రూపాయలు, మా ఊరికంటే పది ఎక్కువ. మా ఊళ్లో ఉగ్గానిలో పుట్నాలపొడి చేతికి తగిలేలా వేస్తారు. ఇక్కడ చల్లీచల్లనట్టు చల్లారు. హోటలాయన రాజశేఖర్‌కి అడక్కుండానే రెండోసారి చట్నీ వేశాడు. నేను రెండుసార్లు అడిగాను.

అక్కడి నుంచి ఆటో. డ్రైవర్ మస్తాన్ ఆ దారిలోనే పుట్టి పెరిగినవాడు. లేపాక్షిలో నంది దగ్గర బస్సుల జనం ఫొటోలకు వరుస కట్టి ఉంటే ఆటో కాసేపు ఆగిపోయింది. అప్పుడు వెనక్కి తిరిగి వల మూట చూశాడు.

"ఏమన్నా, పచ్చుల కోసమా? నరసమ్మక్క చెట్టు కోస్తారంట గదా."

"ఎందుకు కోయిస్తాంది? ఇన్నేళ్లు ఆగింది కదా," అన్నాను.

"ఎందుకా? కడుపు మండి." ఇంజను ఆపేసి చెప్పాడు. "ఆ ఊర్లో ఒగ కట్టుబాటు ఉండాదన్నా. పచ్చులు గూడు కట్టిన చెట్టు కాయ కొయ్యగూడదు. పిల్లలు ఎగిరిపొయ్యేదాకా ఆగల్ల. అంతలోకి కాయ రాలిపోతాది, రెట్ట పడి సెడిపోతాది. ఆ చెట్టోళ్లకు నష్టం గదా? అందుకని గూళ్లు లేని చెట్లోళ్లు ఇంటికొగ తట్ట కాయ ఇస్తారు. దాన్ని చెట్టుపాలు అంటారు, చెట్టు వాటా అని. ఊరికే ఇచ్చేది కాదు. తప్పెట కొట్టుకుంటా పోయి, ఆ ఇంటి గడప దగ్గర తట్టలు దించి, మా ఆడబిడ్డల పురుడు మీ చెట్టు మీద జరుగుతాందమ్మా అని చెప్పి రావల్ల."

"ఈసారి ఇయ్యలేదా?"

"ఇచ్చినారు. ఇచ్చిన తీరే బాగల్యా. ఆయక్క మొగుడు పోయిన వానాకాలంలో సచ్చిపోయినాడు. మొగుడు పోయి ఏడాది తిరగని ఇంటికి తప్పెట తీస్కపోతే ఊరికి మంచిది కాదన్నాడు నంజిరెడ్డి. ఊరికి పెద్ద ఆయప్పే. తట్టలన్నీ పంచాయతీ కట్ట మీద కుప్ప పోసి, వచ్చి తీస్కపొమ్మని తలారితో చెప్పి పంపినాడు."

"ఆమె పోలేదు."

"పోతాదా? నేనేమన్నా అడుక్కునేదాన్నా అనింది. ఆ పొద్దు నుంచి ఈదిలేకి అడుగు పెట్టల్యా. వారం తిరక్కముందే హిందూపురం సావుకారికి ఫోన్ చేసినాది."

రాజశేఖర్ అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్నాడు. తలెత్తి, "మనకు కావాల్సింది పక్షుల సంగతి, ఊరి పంచాయితీ కాదు," అన్నాడు నాతో. మస్తాన్ ముందు అన్నాడు.

ఊరు

ఊరికంటే ముందు వాసన వస్తుంది. చేపల వాసన, సున్నం వాసన కలిసినట్టు ఉంటుంది. తర్వాత చప్పుడు. ఎండు కర్రలు ఒకదానితో ఒకటి కొట్టుకున్నట్టు పిల్లల ముక్కుల చప్పుడు పైనుంచి ఆగకుండా పడుతుంది. ఆ చెట్ల కింది ఇళ్ల పెంకులు తెల్లగా రెట్టతో పూసి ఉంటాయి. ఎవరూ కడగరు. మా వీధిలో పావురం అద్దకం చీర మీద రెట్ట వేస్తే మూడిళ్ల వాళ్లు కొట్లాటకు దిగుతారు. ఇక్కడ దిగిన పది నిమిషాల్లో నా కళ్లద్దాల మీద పడింది. ఒకామె చూసి, "పడనీలే సామీ, మా ఆడబిడ్డలు నీకు నీళ్లు పోసినారు," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పురిటికి కూతురు పుట్టింటికి వచ్చినట్టు ఈ పక్షులు వస్తాయని ఆ ఊరి నమ్మకం. మొదటి గూడు కట్టిన రోజు చెట్టు మొదట్లో చలిమిడి, రవికగుడ్డ పెడతారు. పిల్లలు ఎగిరిందాకా ఊళ్లో టపాకాయ కాల్చరు, పెళ్లయినా సరే. వాళ్ల చెరువు ఎండి నాలుగు నెలలైంది. తల్లిపక్షులు మేత కోసం ఎక్కడో కాలువ నీళ్లున్న చెరువు దాకా పోయి వస్తున్నాయి. చాలా గూళ్లలో బలమైన పిల్ల ఒకటే తల ఎత్తుతోంది, మిగతావి ఎత్తడం లేదు.

పంచాయతీ కట్ట మీద కుప్ప అట్లాగే ఉంది. టార్పాలిన్ పట్టా కప్పలేదు. ఎండి, పగిలి, చీమలు పట్టి ఉంది. ఎవరూ దాన్ని తీయరు, తన్నరు. దాని పక్కనే కూర్చుని పేపరు చదువుతారు.

నరసమ్మ ఇల్లు ఊరి చివర. చెట్టు మొదలు ఆమె గోడ లోపల ఉంది. సగం కొమ్మలు గోడ దాటి వీధి మీదికి వచ్చాయి. రాజశేఖర్ గోడ ఇవతల నిలబడి పిలిచాడు. అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా వచ్చి నిలబడింది.

"అమ్మా, మీకు ఎంత నష్టమైనా మా సంఘం చూసుకుంటుంది," అని మొదలుపెట్టాడు.

"మీరు ఈ ఊరోళ్లా?"

"కాదమ్మా. కానీ ఈ పక్షులకు చట్టం ఉంది. గూళ్లు చెదిరితే కేసు అవుతుంది."

"ఎవరి మీద?"

"మీ మీదే."

"నంజిరెడ్డి మీద కాదా?"

"చెట్టు మీది కదమ్మా."

"అదే నేనూ చెప్తాండా. చెట్టు నాది," అని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

దారిలో రాజశేఖర్ ఆమెను మొండి మనిషి అన్నాడు. ఆ మాట నన్ను కూడా అన్నాడని నాకు తెలుసు. వేరే చోట, వేరే రోజు.

పడిన పిల్ల

ఆ రాత్రి బడి వరండాలో పడుకున్నాం. సంగటి, అందులోకి ఊరిబిండి పచ్చడి ఒక ఇంటి నుంచి వచ్చాయి. అంత మంచి ఊరిబిండి నేను తినలేదు, అది ఒప్పుకోవాలి.

శనివారం పొద్దున్నే వల కట్టడం మొదలుపెట్టాం. వీధి వైపు కట్టగలిగాం. గోడ దగ్గర జానెడు సందు వదలాల్సి వచ్చింది. వల ఆ కొస గోడకే కట్టాలి, గోడ నరసమ్మది, ఆమె తలుపు తీయలేదు. మరో రెండు గుంజలు పాతి సందు మూద్దామని నేనన్నాను. అంత అవసరం లేదన్నాడు రాజశేఖర్. అవసరం ఉంది.

పది గంటలప్పుడు గాలి లేచింది. ఎర్రదుమ్ము కళ్లలో పడి ఏమీ కనపడలేదు. నేను అవతలి చివర ముడులు బిగిస్తున్నాను. ఆడవాళ్ల కేక విని పరుగెత్తుకొచ్చేసరికి అక్కడ నలుగురైదుగురు గుమిగూడి ఉన్నారు. ఒక పిల్ల గోడకు తగిలి, ఆ సందులోంచే వీధిలోకి పడింది. బతికే ఉంది. కానీ అది ఓబులమ్మ ఒళ్లో ఉంది.

ఓబులమ్మ ఆ ఊరి మంత్రసాని. ఇప్పుడందరూ ఆసుపత్రికి పోతున్నా, బిడ్డకు నీళ్లు పోయాలంటే ఆమెనే పిలుస్తారు. కాళ్లు చాపుకుని, పక్షిపిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, ఆముదం పట్టించేసింది. పక్కన వేణ్ణీళ్ల చెంబు, నిప్పుల మీద సాంబ్రాణి. పసిబిడ్డకు చేసినట్టే. ముక్కు నిమిరి, రెక్కలు చాపి, మెడకు కూడా నూనె రాసింది. గాజుకళ్లతో అది ఆమెనే చూస్తోంది.

"అయ్యో, నూనె పెట్టగూడదు! ఈకలకు నూనె పడితే వెచ్చదనం పోతుంది, చలికి చచ్చిపోతుంది," అని అరిచాను.

"పడిన బిడ్డకు ఒళ్లు నొయ్యదా నాయనా? నూనె పెట్టకుంటే ఎట్ల?" అంది ఓబులమ్మ. నా అరుపుకు ఆమెకు కోపం రాలేదు. నాకేదో తెలియదన్నట్టు చూసింది అంతే.

గుడ్డతో తుడిచాం. అట్టపెట్టెలో పెట్టి ఎండలో ఉంచాం. ఒకతను ఎక్కడి నుంచో రెండు చిన్న చేపలు తెచ్చాడు. తినలేదు. మెత్తటి పొట్ట నూగంతా అంటుకుపోయి, చర్మం కనపడుతోంది. మధ్యాహ్నం దాటాక మెడ వాల్చేసింది.

ఓబులమ్మ ఏడవలేదు. చేతులు చూసుకుంటూ కూర్చుంది. ఈ ఊరి బిడ్డలందరినీ ఆ చేతులతోనే తోమిందని ఎవరో చెప్పారు. నాకు ఆమె మీద ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. నా కోపం అట్లా పోవడం చాలా అరుదు.

పూడ్చడానికి చెరువు కట్ట మీదికి బయల్దేరుతుంటే నరసమ్మ గోడ మీదుగా ఒక తెల్లగుడ్డ వచ్చి పడింది. కొత్త గుడ్డ, మడత కూడా విప్పలేదు. గోడ వెనక మనిషి కనపడలేదు. ఊళ్లో ఆడబిడ్డకు పుట్టి పోయిన పసికందును అట్లాగే కొత్త గుడ్డలో చుడతారట. అందరూ గోడ వైపు చూశారు. ఆ గుడ్డలోనే చుట్టి, ఎండిన చెరువులోకి తల పెట్టి పూడ్చాం.

నరసమ్మ గడప

పొద్దు వాలాక నేనొక్కడినే ఆమె ఇంటికి పోయాను. రాజశేఖర్ ఎవరో ఆఫీసరుకు ఫోన్ చేస్తున్నాడు. ఆ ఆఫీసరు ఎత్తడం లేదు.

గేటు తీసే ఉంది. ఆమె అరుగు మీద చాట పెట్టుకుని విత్తనానికి వేరుశనగ కాయలు ఏరుతోంది. పక్కన చాప పరిచి ఉంది. నన్ను చూసి ఏరడం ఆపలేదు. కూర్చోమనలేదు.

"ఏమప్పా, నువ్వూ కేసు పెడ్తావా?"

"పెట్టనక్కా. నేను శానా పెట్టినా. ఏదీ తెగల్యా."

"మరేం కావల్ల?"

"వల కొస నీ గోడకు కట్టుకుంటామని అడగొచ్చినా."

"రేపు దోటితో కాయే కొడతాంటే వల ఎందుకు?"

నిలబడే ఉన్నాను. తర్వాత, ఎందుకడిగానో కానీ, "తలారి వచ్చి ఏమన్నాడక్కా? ఏ మాట అన్నాడు?" అని అడిగాను.

ఆమె చేయి ఆగింది. అది ఆమెను అప్పటిదాకా ఎవరూ అడగలేదని నాకు అర్థమైంది. అందరూ చెట్టు గురించే అడిగారు.

"బండి దిగల్యా," అంది. "బండి ఆపను కూడా ఆపల్యా. బుర్రుమనిపిస్తానే, నీ పాలు కట్ట మీద ఉండాది, సందెకాడికి తీస్కపో, లేకుంటే మేకలు తింటాయి అన్నాడు. మేకలు తింటాయంట. ఈ చెట్టు మా మామ నాటినాడు. నేను కాపురానికొచ్చిన ఏడు తొలి గూడు కట్టినాయి. అప్పట్నించీ తప్పెట ఈ గడప దాకా వచ్చేది. నంజిరెడ్డి నాయన ముందర నడిచొచ్చేవాడు, తలగుడ్డ తీసి సంకలో పెట్టుకోని. నా మొగుడు కాళ్లకు నీళ్లిచ్చేవాడు. నా మొగుడు సచ్చినాడప్పా. నా చెట్టు సావల్యా గదా. నా గడప యాడికి పోయింది?"

ఒక్కొక్కరి పేరు చెప్పింది. ఆ రోజు వీధిలో ఎవరు నిలబడి విన్నారు, ఎవరు తల తిప్పుకున్నారు, ఎవరి భార్య నవ్వింది. నాకు ఎక్కడా విసుగు రాలేదు. నేనైతే వాళ్లు కట్టుకున్న చీరల రంగు కూడా గుర్తుపెట్టుకునేవాణ్ని.

ఆమె ఆగాక నేను మా చిన్నాయన సంగతి చెప్పాను. మా దాయాదుల ఇంట్లో పెళ్లి. ఊరందరికీ బొట్టు పెట్టి పిలిచి, చిన్నాయన ఇంటికి మాత్రం కార్డు తలుపు సందులోంచి తోసిపోయారు. మూడేళ్లు మా బంధువులంతా ఆయన వైపే ఉన్నారు. పాపం, ఎంత మాట, అనేవారు. తర్వాత ఒకరోజు కోపం ఆపుకోలేక నడివీధిలో ఆ కార్డు చించి వాళ్ల వాకిట్లో పోశాడు. అంతే.

"ఇప్పుడు మా ఊర్లో ఎవురినడిగినా కార్డు చించినాయన అంటారు. కార్డు ఎట్ల ఇచ్చినారో ఒక్కనికీ గుర్తు లేదు."

నరసమ్మ నా వైపు చూస్తోంది.

"నీ చెట్టు, నీ ఇష్టం అక్కా. రేపు దోటి తగిల్తే బండి దిగని తలారిని ఎవరూ తల్చుకోరు. పురిటి పిల్లల్ని కొట్టించిన నరసమ్మ అంటారు. ఈ పొద్దుటి దాకా తప్పు వాళ్లది. రేపట్నించి నీది. నంజిరెడ్డి సుఖంగా నిద్రపోతాడు."

పైన తల్లిపక్షి ఒకటి దిగింది. పిల్లలు గోల చేశాయి. ఒక చింతకాయ ఆమె చాటలో పడింది. తీసి పక్కన పెట్టింది.

"నువ్వు మంచి చెప్పనీకి వచ్చినావా, చెడ్డ చెప్పనీకి వచ్చినావా?" అంది.

"తెలీదక్కా. నాకు తెలిసింది చెప్పినా."

"పో. పొద్దు గుంకింది."

వల గురించి మళ్లీ అడిగే ధైర్యం రాలేదు. కాళ్లు లాగుతుండగా బడికి నడిచొచ్చాను. ఆ చాప మీద ఇద్దరు కూర్చునేంత చోటుంది.

ఆదివారం

వ్యాపారి టెంపోలో వచ్చాడు. వెనక ఎనిమిదిమంది కూలీలు, దోటికర్రలు, పెద్ద పెద్ద పట్టాలు. ఊరు ఊరంతా చెట్టు దగ్గరికొచ్చింది. నంజిరెడ్డి కూడా వచ్చాడు, తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు. రాజశేఖర్ వ్యాపారికి చట్టం చెప్పబోతే, "సార్, నేను బయానా ఇచ్చినా. మీరు ఆయమ్మతో మాట్లాడుకోండి," అన్నాడు అతను. కూలీ ఒకడు గోడెక్కి కొమ్మ మీద కాలు పెట్టాడు. పైన పిల్లలన్నీ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. ఆ నిశ్శబ్దం నేను మరిచిపోలేను.

తలుపు తీసుకుని నరసమ్మ బయటికి వచ్చింది. గేటు దాటి వీధిలోకి వచ్చి, చెట్టు నీడలో నిలబడింది. అన్ని రోజుల తర్వాత ఆమె వీధిలో అడుగు పెట్టడం అదే. కొంగు ముడి విప్పి వ్యాపారి బయానా వ్యాపారి చేతిలో పెట్టింది.

"దిగమనప్పా నీ మనిషిని. ఈ కాయ నేను కొయ్యను."

"ఇదేందమ్మా, మాట అంటే మాట గదా! వీళ్ల కూలి ఎవరిస్తారు?"

"నేనిస్తా. సంగటి కూడా పెడ్తా, తిని పోండి. కాయ మాత్రం ముట్టగూడదు."

నంజిరెడ్డి ముందుకొచ్చాడు. ముఖంలో ఊరట కనపడింది. "మంచి పని చేసినావమ్మా. నాకు తెలుసు నువ్వు సెడ్డదానివి కాదని. పోనీలే, జరిగిందేదో జరిగింది. కట్ట మీద నీ పాలు అట్లనే ఉండాది, తీస్కపో."

"ఆడనే ఉండనీ రెడ్డీ."

"మళ్లీ ఏందమ్మా?"

"నా కాయ రాలతాది. ఈ ఈదిలోనే రాలతాది. నువ్వు పొద్దున్నే డెయిరీకి పొయ్యేటప్పుడు తొక్కుకుంటా పోవల్ల. మీ ఆడోళ్లు నీళ్లకు పొయ్యేటప్పుడు తొక్కుకుంటా పోవల్ల. నేను ఒగ కాయ ఏరుకోను. మీ ఆడబిడ్డల పురుడు నేను చేస్తాండా. మీరు చేసిందేమో కట్ట మీద ఉండాది, సూస్కోండి."

నంజిరెడ్డి ఏదో అనబోయాడు. ఓబులమ్మ జనంలోంచి వచ్చి నరసమ్మ పక్కన నిలబడింది. అతను ఫోను చెవికి పెట్టుకుని వెళ్లిపోయాడు. ఫోను మోగలేదు.

కూలీలు సంగటి తిన్నారు. రాజశేఖర్‌కి కూడా పెట్టింది, అరుగు మీద, చాప మీద. నేను అప్పుడు గోడ దగ్గర ఉన్నాను. నరసమ్మ గోడ వైపు తల ఊపి, "కట్టుకో నీ వల," అంది నాతో. అంతే అంది. జానెడు సందు మూసేసరికి మధ్యాహ్నమైంది. ఎండలో నిలబడే కట్టాను. సంగటి చల్లారిపోయింది. గోడ మీదుగా ఇచ్చింది, నిలబడే తిన్నాను.

దారిలో రాజశేఖర్, చట్టం మాటకు ఆమె భయపడినట్టుందని అన్నాడు. సంఘం కాగితంలో కూడా అట్లాగే వేశారు.

మస్తాన్ ఫోను

ఆ తర్వాత మస్తాన్ వారానికోసారి ఫోన్ చేసేవాడు. చెరువు లేకపోవడంతో సగానికి సగం పిల్లలు గూళ్లలోనే ఆకలికి పోయాయి. దానికి ఎవరూ ఏమీ చేయలేకపోయారు. మూడు పిల్లలు వలలో పడితే మళ్లీ కొమ్మల మీద పెట్టారు. అందులో ఒకటి గోడ వైపే పడిందట. కాయ రాలి, వీధంతా గుజ్జు గుజ్జు అయి, ఈగలు ముసిరి, ఊళ్లోవాళ్లు చెప్పులు చేత పట్టుకుని నడవాల్సి వచ్చిందట. నరసమ్మ చీపురు పట్టలేదు. ఇంకెవరికీ పట్టే ధైర్యం లేదు.

ఉగాది దాటాక ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అన్నా, ఆఖరు పిల్ల కూడా ఎగిరిపోయినాది. నిన్న తప్పెట కట్టినారు."

"యాడికి?"

"యాడికేందన్నా, నరసమ్మక్క గడపకు! కట్ట మీద కుప్ప తీసి పారేసి, ఇంటింటికీ తిరిగి కొత్త చింతపండు తెచ్చినారు. ఓబులమ్మవ్వ ముందర నడిచినాది. ఏడాది తిరగని గడపకు తప్పెట పోయేది నేను ఇదే సూడటం. నంజిరెడ్డికి తలగుడ్డ లేదు గదా, తువ్వాలు సంకలో పెట్టుకున్నాడు."

"ఆమె ఏమనింది?"

"తట్టలన్నీ దించేదాకా సూసింది. గడప లోపల పెట్టండి అనింది. పెట్టినారు."

నాకు ఒక్క సంగతి తెలియాల్సి ఉంది. అడగాలా వద్దా అని కాసేపు ఆలోచించి అడిగాను.

"వాళ్లను కూర్చోమనిందా?"

మస్తాన్ గుర్తు చేసుకున్నాడు. "లేదన్నా. ఎండలో అట్లనే నిలబెట్టింది. ఎవుర్నీ కూర్చోమన్లా."

ఆ మాట విన్నాక నా మనసు కొంచెం కుదుటపడింది. జనవరిలో మొదటి గూడు కట్టగానే కబురు చేయమని చెప్పాను. ఈసారి వల మూట తీసుకుని నేనొక్కడినే పోతాను. ఆ చాప ఇంకా అక్కడే ఉంటుంది.